పామూ చావకుండా, మనిషీ చావకుండా: ఊళ్లో వన్యప్రాణుల గురించి చెప్పే స్వచ్ఛంద కార్యకర్త పని ఏమిటి?

తొలకరి పడగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫోన్లలో ఒక రకం వీడియోలు పెరుగుతాయి. బావిలో పడిన నాగుపామును ఒక యువకుడు తోక పట్టి పైకి తీస్తాడు. చుట్టూ జనం గుమిగూడి ఉంటారు. పడగ విప్పిన పామును కెమెరా ముందుకు తెచ్చి, "పాములను చంపకండి, అవి రైతు నేస్తాలు" అని రెండు మాటలు చెబుతాడు. వీడియో కింద అతన్ని వన్యప్రాణి అవగాహన కార్యకర్తగా పరిచయం చేస్తారు. అదే వారంలో పత్రిక జిల్లా పేజీలో పాముకాటుతో ఒకరు మరణించిన వార్త వస్తుంది. ముందు మంత్రం వేయించి, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లారని చివరి వాక్యంలో ఉంటుంది.

ఆ వీడియోకూ ఈ వార్తకూ మధ్య చాలా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో పనిచేయవలసిన మనిషి ఎవరు? పామును పట్టేవాడా, పాము గురించి చెప్పేవాడా? చెప్పేవాడైతే ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, చేతిలో పాము పెట్టుకుని చెప్పవచ్చా? ఈ ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీద్దాం.

## పట్టేవారు వేరు, చెప్పేవారు వేరు

మన వాడుకలో మూడు పనులు కలగలిసిపోయాయి.

మొదటిది, ఇంట్లో దూరిన పామును పట్టి వేరేచోట వదిలే పని. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ స్వచ్ఛంద సభ్యులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది ఇదే. దీనికి శిక్షణ, పనిముట్లు, అటవీ శాఖతో సంబంధం కావాలి. రెండవది, చట్టాన్ని అమలు చేసే పని. అది అటవీ శాఖ సిబ్బందిది. గౌరవ వన్యప్రాణి వార్డెన్‌గా ప్రభుత్వం నియమించిన పౌరులు కొందరుంటారు, వారి హోదా కూడా చట్టం ఇచ్చినదే. మూడవది, బడిలో, రచ్చబండ దగ్గర, ఉపాధి పని జరిగే చెరువు గట్టు మీద జనంతో కూర్చుని మాట్లాడే పని. వన్యప్రాణి అవగాహన కార్యకర్త అంటే ఈ మూడవ పని చేసే మనిషి. జీతం ఉండదు, అధికారం ఉండదు, పాముతో అవసరమూ ఉండదు. అతని సరుకంతా మాటే.

ఈ పని పాములకే పరిమితం కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. తీరం వెంట గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్ర తాబేళ్ల గురించి మత్స్యకారుల పల్లెల్లో చెప్పేవారున్నారు. అయితే తేలినీలాపురం వంటి చోట కార్యకర్త పని కొంత తేలిక. ఊరివారు పక్షుల రాకను ముందే శుభంగా భావిస్తారు. పాము విషయం అలా కాదు. దాన్ని దండం పెట్టి మొక్కే చెయ్యే కర్ర కూడా తీస్తుంది. పైగా పాము నిజంగా మనుషులను చంపుతుంది. అందుకే ఈ పనిలోని కష్టాలన్నీ పాము దగ్గర స్పష్టంగా బయటపడతాయి. ఈ వ్యాసం పాము చుట్టూ తిరగడానికి కారణం అదే.

## పాముకాటును ఇప్పుడు ఇంతగా పట్టించుకోవడానికి కారణం

భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు మరణాలను అంచనా వేసిన పరిశోధన ఒకటి 2020లో వెలువడింది. ఆ ఇరవై ఏళ్లలో సుమారు 12 లక్షల మంది మరణించారని, అంటే సగటున ఏడాదికి 58 వేల మంది అని అది తేల్చింది. అందులో దాదాపు 70 శాతం మరణాలు ఎనిమిది రాష్ట్రాలవే. ఆ ఎనిమిదిలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఉంది. సగానికి పైగా మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్య, అంటే దుక్కి, నాట్లు, కలుపు సాగే నెలల్లో జరిగినవి. చనిపోయిన ప్రతి నలుగురిలో ఒకరు పదిహేనేళ్లు నిండనివారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళికను కేంద్రం 2024 మార్చిలో ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో, ప్రతి పాముకాటునూ తప్పనిసరిగా నమోదు చేయాల్సిన కేసుగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది.

ఈ ప్రణాళికల్లో మందులు, వైద్యులకు శిక్షణ, నమోదు వంటివన్నీ ఉన్నాయి. కానీ కాటు పడిన చోటు నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా ఉన్న దారిలో ఏ అధికారీ ఉండడు. ఆ దారిలో బాధితుడి పక్కన ఉండేది ఇంటివారు, ఇరుగుపొరుగు. స్వచ్ఛంద కార్యకర్త మాట పనిచేయాల్సిన చోటు అదే.

## ఏ పాము గురించి ఎంత చెప్పాలి

మన దేశంలో మూడు వందలకు పైగా పాము జాతులున్నాయి. అత్యధిక మరణాలకు కారణమయ్యేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ చివరిది జానెడు, మూరెడు పొడవు మించని పాము. కోపం వస్తే చుట్టలు చుట్టుకుని, పొలుసులను ఒకదానికొకటి రాస్తూ రంపంతో కోసినట్లు చప్పుడు చేస్తుంది.

చాలా అవగాహన సభల్లో ఈ నాలుగింటి బొమ్మలున్న పోస్టరు కడతారు. రంగులు, చారలు, తల ఆకారం చెబుతారు. వినేవారికీ అది ఇష్టమే. నాకు మాత్రం ఇక్కడే ఒక అనుమానం ఉంది. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు ఉంటే కట్లపాము అని చెప్పాం. కానీ అలాంటి కట్లే ఉన్న విషం లేని చిన్న పాము ఇంటి గోడల సందుల్లో తిరుగుతుంది. అలవాటు లేని కన్ను రెండింటినీ తేడా లేకుండా చూస్తుంది. ఒకసారి దాన్ని చూసి "ఇది విషం లేనిదే" అని విన్న పిల్లవాడు, మరోసారి నిజమైన కట్లపామును చేత్తో తీసే ప్రమాదం ఉంది. సగం నేర్చిన గుర్తింపు, అసలు తెలియకపోవడం కంటే ప్రమాదం కావచ్చు.

గుర్తింపు నేర్పాలనేవారి వాదనలోనూ బలముంది. జెర్రిపోతునూ నీరుకట్టెనూ గుర్తుపట్టగలిగితే వాటిని చంపడం తగ్గుతుంది. రైతుకు ఆ రెండూ ఎలాగూ తెలుసు, వాటి పేర్లు చెప్పింది ఆయనే కదా అంటారు. అది నిజమే. అయితే రంగు గురించి చెప్పే సమయాన్ని అలవాట్లకు ఇస్తే ప్రాణాలు ఎక్కువ దక్కుతాయన్నది నా అభిప్రాయం. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారి పక్కల్లోకి వస్తుంది. రక్తపింజర ఎండుటాకుల్లో, గడ్డిలో కదలకుండా పడుకుంటుంది, తొక్కితే కాటేస్తుంది. నాగుపాము ఎలుకల వెంట గడ్డివాములోకి, ధాన్యం కొట్టులోకి వస్తుంది. ఈ మూడు వాక్యాలు వింటే మంచం ఎందుకో, చేతిలో టార్చి ఎందుకో, ఇంటి పక్క కట్టెల మోపు ఎందుకు తీయాలో వేరే చెప్పక్కర్లేదు.

పామును చంపి సంచిలో వేసి డాక్టరుకు చూపించాలన్న అలవాటు కూడా గుర్తింపు మీదున్న ఈ నమ్మకం నుంచే వచ్చింది. మన దగ్గర వాడే విరుగుడు మందు ఆ నాలుగు పాముల విషాలకూ కలిపి తయారైనది. ఏ పామో తెలియకపోయినా లక్షణాలు చూసి మందు మొదలుపెడతారు. పామును వెతుకుతూ పోయే అరగంట వృథా. రెండో మనిషికి కాటు పడేది కూడా ఆ వెతుకులాటలోనే.

## పాత సైకిల్ ట్యూబుతో ఒక పాఠం

ఒక ప్రాథమికోన్నత పాఠశాల వరండాను ఊహించండి. కార్యకర్త ఒక చాప పరుస్తాడు. పాత సైకిల్ ట్యూబును మూరెడు ముక్క కోసి, దాని మీద సున్నంతో అడ్డంగా తెల్లటి గీతలు గీసి తెచ్చాడు. ఒక పిల్లవాడిని చాప మీద కళ్లు మూసుకుని పడుకోమంటాడు. ట్యూబును చాప అంచు కింద నుంచి మెల్లగా లోపలికి జరిపి, "ఏమైనా తెలిసిందా నాన్నా?" అని అడుగుతాడు. తెలియలేదంటాడు వాడు. మడిచిన కాగితం మొనతో వాడి మోచేతిని తాకుతాడు. "చీమ కుట్టినట్లుంది సార్" అంటాడు.

కట్లపాము పాఠమంతా ఆ మాటలో ఉంది. దాని కోరలు చాలా చిన్నవి. కాటు పడినచోట వాపు ఉండదు, నొప్పి దాదాపు ఉండదు, కొన్నిసార్లు గాటు కూడా కనిపించదు. నిద్రలో ఉన్న మనిషి అటు తిరిగి పడుకుంటాడు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. ఇంటివారు గ్యాస్ అనుకుని సోడా ఇస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది. ఆ విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాన్ని ఆపేస్తుంది. చివరికి ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. అందుకే వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి కారణం తెలియని కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలుస్తూ ఉంటే, పామును ఎవరూ చూడకపోయినా పాముకాటేమోనని అనుమానించాలి. ఈ ఒక్క సంగతి పిల్లల చేత ఇంటికి చేర్చగలిగితే ఆ రోజు వరండా పాఠం ఫలించినట్లే.

ఆ పిల్లల్లో చాలామంది ఆ రాత్రి కూడా చాప మీదే పడుకుంటారు. మంచం కొనుక్కోమని చెప్పడం సులభం. దోమతెర చవక, దాన్ని చాప కిందికి అన్ని వైపులా దోపితే పాము లోపలికి రావడం కష్టం. దోమతెర పాముకాటు నుంచి కాపాడుతుందని నేపాల్‌లో జరిగిన అధ్యయనంలోనూ కనిపించింది.

## మంత్రం ఎందుకు పనిచేసినట్లు కనిపిస్తుంది

మంత్రగాడిని మోసగాడని తిట్టే కార్యకర్తకు ఊళ్లో ఒక జవాబు ఎదురవుతుంది: "మా తాతను బతికించాడయ్యా." ఆ జవాబు అబద్ధం కాదు. తాత నిజంగా బతికాడు. ఎందుకు బతికాడో లెక్క వేసి చూడాలి.

ఒక ప్రాంతంలో ఇరవై పాముకాట్లు పడ్డాయనుకుందాం. ఇవి వివరణ కోసం వేసుకున్న అంకెలు మాత్రమే. అందులో పద్నాలుగు విషం లేని పాములవి. మిగిలిన ఆరింటిలో మూడు పొడి కాట్లు, అంటే పాము కరిచింది కానీ విషం దింపలేదు. పాము తన విషాన్ని పొదుపుగానే వాడుతుంది, బెదిరించడానికి ఊరికే కరవడమూ ఉంది. ఇప్పుడు ఈ ఇరవై మందీ మంత్రగాడి దగ్గరకే వెళ్లారనుకోండి. పదిహేడు మంది బతుకుతారు. ఆ పదిహేడు మందీ జీవితాంతం అతని గొప్పతనం చెబుతారు. మరణించిన ముగ్గురూ చెప్పలేరు. వారి ఇంటివారు ఆలస్యమైందనో, ఘడియ మంచిది కాదనో సరిపెట్టుకుంటారు.

లెక్కలో రెండో సగం ఇంకా బాధాకరం. ఆ ముగ్గురిలో ఇద్దరిని పరిస్థితి విషమించాక ఆసుపత్రికి తీసుకెళ్లారనుకుందాం. అక్కడ వారు మరణించారు. ఊరి జ్ఞాపకంలో ఆ సంఘటన ఆసుపత్రికి తీసుకెళ్తే చనిపోయినట్లుగా నిలిచిపోతుంది. అంటే తేలిక కేసులన్నీ మంత్రం ఖాతాలో పడతాయి, ఆలస్యమైన కేసులన్నీ ఆసుపత్రి ఖాతాలో పడతాయి. ఊరివాళ్లు తెలివితక్కువగా ఏమీ ఆలోచించడం లేదు. కళ్ల ముందున్న ఆధారమే తప్పుదారి పట్టించేలా పేరుకుంది. ఈ లెక్కను చింతగింజలతో రచ్చబండ మీద వేసి చూపితే, తిట్టడం కంటే బాగా ఎక్కుతుంది.

మంత్రగాడితో ఎలా మెలగాలన్న దాని మీద రెండు దారులున్నాయి. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు మూఢనమ్మకాన్ని బహిరంగంగా ప్రశ్నించాలంటాయి. నమ్మకాన్ని కదపకుండా వదిలేస్తే అది తర్వాతి తరానికీ చేరుతుందని, మర్యాద కోసం ప్రాణాలు పణంగా పెట్టకూడదని వారి వాదన. రెండో దారివారు మంత్రగాడినే కలుపుకుపోవాలంటారు. అర్ధరాత్రి రెండు గంటలకు జనం తలుపు తట్టేది అతనిదే. "మంత్రం బండిలో కూర్చుని వేస్తాను, ముందు బయల్దేరండి" అని అతను అంటే ఆలస్యమే ఉండదు. దీన్ని ఒప్పుకుంటే మంత్రానికి గౌరవం ఇచ్చినట్లవుతుందన్న అభ్యంతరం సబబే. నమ్మకం మారడానికి పట్టే ఏళ్లలో పడే కాట్ల సంగతి ఏమిటన్న ప్రశ్న కూడా అంతే సబబు. ఊరినీ మనిషినీ బట్టి రెండింటిలో ఒకటి ఎంచుకునే కార్యకర్తలే ఎక్కువ.

## ఆసుపత్రిలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే

ఆసుపత్రి మీది భయంలో సగం, లోపల ఏం చేస్తారో తెలియకపోవడం వల్ల కలిగేదే. రక్తపింజర కాటుకు చేసే పరీక్షనే చూడండి. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని ఒక్కసారి వంచుతారు. రక్తం గడ్డకట్టి ఉంటే కదలదు. నీళ్లలా జారితే, విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీసిందని అర్థం. బయట కూర్చున్న బంధువులు మాత్రం ఆ ఇరవై నిమిషాలూ "ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు" అని ఆందోళన పడతారు. ముందే తెలిసినవాళ్లు ఆ ఇరవై నిమిషాలను ఓర్చుకోగలరు.

మరో సందేహం మోతాదు గురించి. ఆరేళ్ల పాపకూ ఆమె తండ్రికీ ఒకే మోతాదు విరుగుడు మందు ఎక్కిస్తుంటే తల్లి గాబరా పడుతుంది. కానీ పాము మనిషి బరువు చూసి విషం దింపదు. మందు పనిచేయాల్సింది లోపలికి వెళ్లిన విషం మీద, అందుకే పిల్లలకు తగ్గించరు. ఈ మందును గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరోధకాల నుంచి తీస్తారు. అందువల్ల కొందరి శరీరం దానికి తీవ్రంగా స్పందించవచ్చు, ఆ స్పందనకు చికిత్స చేసే ఏర్పాటున్న చోటే ఇవ్వాలి. ఇంట్లో, ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఎందుకు కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది.

కట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాటు పైన తాడుతో బిగించి కడితే విషం ఆగుతుందన్నది తరతరాల నమ్మకం. రక్తం ఆడని చోట కండ కుళ్లుతుంది, కట్టు విప్పగానే పేరుకున్న విషం ఒక్కసారి పైకి పోతుంది. అలాగని ఆసుపత్రికి చేరకముందే ఎవరో తొందరపడి విప్పేయడమూ ప్రమాదమే, డాక్టరు సమక్షంలోనే విప్పాలి. కాటు పడిన కాలునో చేతినో విరిగిన ఎముకలా కదలకుండా ఉంచి, గాజులూ ఉంగరాలూ తీసి, నడిపించకుండా తీసుకెళ్లాలన్నది ఇప్పుడు వైద్యులు చెప్పే పద్ధతి. కోయడం, నోటితో పీల్చడం వల్ల గాయమే పెరుగుతుంది.

నిజాయతీగల కార్యకర్త దాచకూడని విషయం ఇంకొకటుంది. మన విరుగుడు మందు సర్వరోగ నివారిణి కాదు. ఒకే జాతి పాము విషమైనా ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపారు. మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర, పాములు పట్టే గిరిజనులైన ఇరుళుల సహకార సంఘం నుంచి వస్తుంది. కాబట్టి వేరే ప్రాంతపు పాముకాటుకు మందు ఎక్కువ అవసరం కావచ్చు. ఇది చెబితే జనం నమ్మకం సడలుతుందని కొందరు భయపడతారు. చెప్పకపోతే మొదటి వైఫల్యంతోనే నమ్మకం కూలుతుందని మరికొందరు అంటారు. నేను రెండోవారి పక్షం.

## చట్టం ఏది ఆపుతుంది, ఏది ఆపదు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు విస్తృతమైన అర్థం ఉంది. చంపడమే కాకుండా పట్టడం, వల వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. రక్షిత జాబితాలోని జంతువును వేటాడడాన్ని సెక్షన్ 9 నిషేధిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ఈ జాబితాలను తిరగరాసి, జరిమానాలు పెంచింది. సాధారణ నేరాలకు గరిష్ఠ జరిమానా 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెరిగింది.

మూడు సందర్భాలు చూద్దాం. ఒకావిడ వంటింట్లో నాగుపాము ఆమె బిడ్డ వైపు వస్తోంది. ఆమె రోకలితో కొట్టింది. సెక్షన్ 11(2) ప్రకారం, తన ప్రాణాన్నో ఇంకొకరి ప్రాణాన్నో కాపాడుకోవడానికి సద్బుద్ధితో చంపితే నేరం కాదు. రెండవది: పొలం గట్టు మీద తన దారిన పోతున్న జెర్రిపోతును నలుగురు వెంటపడి కొట్టి చంపారు. అక్కడ ఆత్మరక్షణ లేదు. మూడవది అందరూ మరిచేది. ఒకతను అనుమతి లేకుండా నాగుపామును డబ్బాలో ఉంచి బడిలో ప్రదర్శన ఇస్తున్నాడు. అది అతని మీదికి తిరిగింది, భయపడి చంపాడు. అదే సెక్షన్ చివర ఒక షరతు ఉంది: ఆత్మరక్షణ అవసరమైన క్షణంలో మనిషి ఈ చట్టాన్ని ఉల్లంఘించే పనిలో ఉంటే, ఆ మినహాయింపు వర్తించదు. విద్య కోసం, పరిశోధన కోసం, మందుకు విషం సేకరించడం కోసం అనుమతులు ఇచ్చే వీలు సెక్షన్ 12లో ఉంది. అయితే ఆ అనుమతి ముందే రాతపూర్వకంగా ఉండాలి. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన అది రాదు.

## చేతిలో పాము పెట్టుకుని చెప్పవచ్చా

కార్యకర్తల మధ్యే పెద్ద తగువు ఇది. బతికిన పామును చూపితేనే భయం పోతుందనేవారి అనుభవం కొట్టిపారేయదగ్గది కాదు. పోస్టరు ముందు ఆవలించే పిల్లలు, పాము మెల్లగా నాలుక ఆడించడం చూస్తే ఊపిరి బిగబట్టి వింటారు. పాము ఒళ్లు జిగురుగా ఉండదని, పొడిగా, నున్నగా ఉంటుందని మాటలతో చెప్పడం కష్టం.

ఎదుటివారు అడిగేది ఒక్కటే: ఆ గంట తర్వాత పిల్లల మనసులో ఏం మిగిలింది? పాము గురించి విన్న మాటలా, పామును పట్టుకున్న మనిషి ధైర్యమా? రెండోదే మిగిలితే, మరుసటి వారం చెరువు గట్టున పాము కనిపించినప్పుడు తోక పట్టుకునేవాడు ఒకడు తయారవుతాడు. వీడియోల విషయంలో ఈ భయం ఇంకా ఎక్కువ. కేరళ అటవీ శాఖ పాములు పట్టేవారికి శిక్షణ, ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. పాము కనిపిస్తే వారికి కబురు చేయడానికి సర్ప అనే యాప్ పెట్టింది. పట్టడం ప్రదర్శన కాకూడదన్నది అక్కడి నియమాల సారం.

తరతరాలుగా పాములతో బతికిన ఇరుళులు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. లైసెన్సుతో పాములు పట్టి, కొన్ని వారాలు ఉంచి విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ దక్కింది. వారి చేతిలో పాము ఒక వృత్తి, దాని వెనుక ఒక లైసెన్సు, ఒక ఆసుపత్రి అవసరం ఉన్నాయి. అవగాహన సభలో పాముకు అలాంటి పని ఏదీ లేదు. నా మటుకు నాకు సైకిల్ ట్యూబు చాలు.

## పట్టి వదిలిన పాము ఎక్కడికి పోతుంది

"చంపకండి, మాకు ఫోన్ చేయండి" అన్న మాటతో చాలా సభలు ముగుస్తాయి. పామును పట్టి దూరంగా అడవిలో వదిలితే కథ సుఖాంతమని మన ఊహ. కర్ణాటకలోని అగుంబేలో రాచనాగులకు రేడియో పరికరం అమర్చి గమనించినప్పుడు, దూరం తీసుకెళ్లి వదిలిన పాము కొత్తచోట కుదురుకోకుండా చాలా దూరం తిరిగింది. ఎలుక ఎక్కడ దొరుకుతుందో, ఎండకు ఏ రాయి కింద దాగాలో, చలికి ఎక్కడ ఒదగాలో పాముకు తన చోటులోనే తెలుసు. అది తెలియని చోట అది బతకడమే కష్టం. పైగా దారిలో తగిలే కొత్త ఊళ్లకు అది కొత్త ప్రమాదం.

అయినా పడక గదిలో నాగుపాము ఉంటే "అది దాని చోటు" అని చెప్పలేం. అందుకే ఇంట్లోని పామునూ ఇంటి బయటి పామునూ వేరుగా చూడాలి. ఇంట్లోదాన్ని పట్టించి దగ్గర్లోనే తగిన చోట వదలాలి. చేనులో, కంచె దగ్గర కనిపించినదానికి దూరంగా నిలబడి దారి ఇవ్వాలి. పట్టి తీసుకెళ్లిన వారం లోపే మరో పాము అదే గడ్డివాములోకి రావచ్చు, ఎలుకలు అక్కడే ఉన్నాయి కాబట్టి.

## పుట్ట దగ్గర మాట్లాడడం

నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. తెలంగాణలో శ్రావణంలో నాగుల పంచమికి మొక్కుతాం. పాలు పాము ఆహారం కాదు. ప్రదర్శనల కోసం దాహంతో మాడ్చిన పాము ఏ ద్రవమైనా తాగుతుంది, తర్వాత దాని ప్రాణానికే ముప్పు రావచ్చు. పుట్టను కట్టినవి చెదపురుగులు, పాము అందులో తల దాచుకునేదే.

ఇదంతా నిజమే అయినా, చవితి రోజు పుట్ట దగ్గర నిలబడి చెబితే ఎవరూ వినరు, వినాలనీ లేదు. పాము పట్ల ఊరికి ఇప్పటికే ఉన్న ఒకే ఒక మంచి భావం ఆ మొక్కు. అస్సాంలో పూర్ణిమా దేవి బర్మన్ అపశకునంగా భావించే హర్గిలా కొంగల కోసం చేసింది గుర్తుకొస్తుంది. కామరూప్ జిల్లా గ్రామాల్లో ఆమె మహిళలను కూడగట్టి, గూడు కట్టే కాలంలో ఆ పక్షులకు సీమంతం వంటి వేడుకలు చేయించారు. నేత బట్టల మీద వాటి బొమ్మలు వెలిశాయి. గూళ్లున్న చెట్లను నరకడం మానేశారు. 2022లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ పురస్కారం ఆమెకు దక్కింది. ఆమె ఆచారాన్ని తీసివేయలేదు, కొత్తదాన్ని చేర్చారు. మన దగ్గర ఆచారం ముందే ఉంది. పాముల వాళ్ల బుట్టలోని, కోరలు పీకిన పాముకు డబ్బులివ్వకుండా పుట్టకే మొక్కుదాం అనే మాట భక్తులకు కష్టం కలిగించదు.

అలాగే "రైతు నేస్తం" అన్న నినాదాన్ని ఎక్కడ వాడాలో చూసుకోవాలి. పాము ఎలుకలను తింటుందన్నది నిజం. కానీ కిందటి ఏడాది బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు వరసలో కూర్చుని ఉంటే ఆ మాట గుండెలో గుచ్చుకుంటుంది. అలాంటి సభలో ముందు మనిషి గురించి మాట్లాడాలి, పాము గురించి తర్వాత.

## పని జరిగిందని ఎలా తెలుస్తుంది

అక్టోబరు 2 నుంచి 8 వరకు జరిగే వన్యప్రాణి వారోత్సవాల్లో, జులై 16న ప్రపంచ పాముల దినం నాడు ఎన్ని బడులకు వెళ్లారో, ఎంతమంది హాజరయ్యారో నివేదికలు రాస్తారు. హాజరు అంకె సులభంగా దొరుకుతుంది, కానీ అది చెప్పేది తక్కువ. కాటుకు, ఆసుపత్రి గుమ్మానికి మధ్య ఎంత సమయం పడుతోందన్నది అసలు కొలత. పాముకాటు నమోదు సరిగ్గా సాగితే ఆ సమాచారం ముందుముందు మండలాల వారీగా దొరికే అవకాశం ఉంది.

ఈ పని స్వచ్ఛందంగానే సాగాలా అన్నది మరో చర్చ. ఆశా కార్యకర్తలకు అప్పగిస్తే ప్రతి ఇంటికీ చేరుతుందని కొందరంటారు. ఇప్పటికే మోయలేనంత పని మోస్తున్నవారి మీద ఇంకొకటి వేయడం న్యాయం కాదని ఇంకొందరంటారు. వన్యప్రాణి మీది ఇష్టంతో వచ్చిన స్వచ్ఛంద కార్యకర్త దూరం, డబ్బు లెక్కచేయడు కానీ, రెండేళ్లకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. అతను వెళ్లాక ఊళ్లో ఏం మిగులుతుందన్నది ఆ పనికి గట్టి పరీక్ష.

అందుకే కొందరు సభ ముగిశాక పంచాయతీ గోడ మీద నాలుగు వరుసలు రాయించి వెళ్తారు. విరుగుడు మందు ఉండే దగ్గరి ఆసుపత్రి పేరు. అక్కడికి ఎన్ని కిలోమీటర్లు. 108. రాత్రివేళ కూడా బండి తీయగల ఊరివారు ఇద్దరి ఫోన్ నంబర్లు, వారి అనుమతితో. ఏటా తొలకరికి ముందు ఆసుపత్రికి వెళ్లి మందు నిల్వ ఉందో లేదో అడిగి, సున్నం చెదిరిన అంకెలను మళ్లీ దిద్దే పని ఊరి బడి తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగిస్తారు.